ట్యాంకర్ రిజిస్టర్ యాప్: క్లౌడ్‌లో పెట్టాక రాసుకున్న డైరీ

ఫిబ్రవరి చివర

మా అపార్ట్‌మెంట్ నిజాంపేట్ వైపు, 60 ఫ్లాట్లు. మార్చి వచ్చేసరికి బోర్లు ఎండిపోతాయి, మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు, మిగతాదంతా ట్యాంకర్ల మీదే. ఏ ట్యాంకర్ ఎప్పుడొచ్చింది, ఎన్ని లీటర్లు, చీటీ ఎక్కడుంది అన్నదంతా గేటు దగ్గరి లాంగ్ నోట్‌బుక్‌లో ఉంటుంది. నెలాఖరుకి సెక్రటరీ అంకుల్ దాన్ని ముందేసుకుని ఫ్లాటుకి ఎంత పడిందో తేలుస్తారు, తేల్చిన ప్రతిసారీ వాట్సాప్ గ్రూపులో రచ్చే. ఆ రోజు రెండే వచ్చాయి మూడెందుకు రాశారని ఒకరు, బాల్కనీలోంచి నా కళ్లతో చూశాను మూడు వచ్చాయని ఇంకొకరు. ఈ వేసవికి ఆ పుస్తకం బదులు చిన్న వెబ్ యాప్ పెడదామంటే కమిటీ ఒప్పుకుంది, రాసే పని నాది. వాచ్‌మన్ అన్న ఫోన్‌లో ఒక పేజీ: ట్యాంకర్ నంబరు, లీటర్లు, చీటీ ఫొటో, అంతే. కమిటీకి ఇంకో పేజీ: రోజువారీ లెక్క, నెలకోసారి ఒక్కో ఫ్లాటుకి తెలుగులో రసీదు పీడీఎఫ్.

జాంగోలో (పైథాన్ భాషలో వెబ్ యాప్‌లు రాసే ఫ్రేమ్‌వర్క్) రాస్తున్నాను, డేటా దాచే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. కోడ్ సంగతి ఇక్కడ పెద్దగా రాయను. రాయాలనుకుంటున్నది ఆ కోడ్ నడిచే చోటు గురించి. ఎక్కడ చూసినా రెండు నిమిషాల్లో డిప్లాయ్ (కోడ్‌ను సర్వర్ మీద పెట్టి నడిపించడం) అంటారు, నిజంగానే అవుతుంది కూడా, కానీ ఆ తర్వాత నెలల తరబడి ఎవరూ చూడని వేళల్లో ఆ యాప్ ఎలా బతుకుతుందన్నదే నాకు ముఖ్యం. ఎందుకంటే దీన్ని వాడేది ఇంజినీర్లు కాదు, చేతిలో తడిచిన చీటీ, ఇంకో చేతిలో ఫోన్ పట్టుకుని గేటు దగ్గర నిలబడే మనిషి.

సొంతంగా వర్చువల్ మెషీన్ (క్లౌడ్‌లో అద్దెకి దొరికే కంప్యూటర్) తీసుకోవడం తెలిసిన పనే. కానీ సెక్యూరిటీ అప్‌డేట్లు, గడువు తీరేలోపు మార్చాల్సిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్లు (సైటుకి హెచ్‌టీటీపీఎస్ కోసం ఉచితంగా దొరికేవి), లాగ్‌లతో డిస్క్ నిండిపోవడం, ఇవన్నీ నేను ఊళ్లో లేనప్పుడు ఎవరు చూడాలి? కమిటీ మారుతూ ఉంటుంది. అందుకే కోడ్ ఇస్తే మిగతాది చూసుకునే తరహా ప్లాట్‌ఫామ్ వైపే వెళ్లాను. పేరు రాయను, ఇక్కడ చెప్పేవి ఆ ఒక్కదానివే కావు, ఈ తరహావాటిలో చాలావాటికి కాస్త అటూ ఇటూగా ఉన్న స్వభావాలే.

మొదటి డిప్లాయ్

ఇది సాఫీగా జరిగింది. గిట్‌లో పుష్ చేస్తే ప్లాట్‌ఫామ్ రిక్వైర్‌మెంట్స్ ఫైల్ (ఏ ప్యాకేజీలు కావాలో రాసే జాబితా) చూసి ఇది పైథాన్ అని పోల్చుకుని, బిల్డ్ చేసి, హెచ్‌టీటీపీఎస్‌తో సహా ఒక అడ్రస్ చేతిలో పెట్టింది. ఈ పద్ధతిని జనానికి అలవాటు చేసింది హెరోకు. 2007లో రూబీ భాష కోసం మొదలైంది, 2010లో సేల్స్‌ఫోర్స్ కొనేసింది, 2022 నవంబర్‌లో ఉచిత ప్లాన్లు ఎత్తేసింది. అంతకుముందు అమీర్‌పేట్ కోర్సుల్లో నేర్చుకుని మొదటి ప్రాజెక్టు రెజ్యూమెలో చూపించడానికి ఆ ఉచిత ప్లాన్ మీదే పెట్టినవాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే చాలామంది. అవి పోయాక జనం మళ్లిన కొత్త ప్లాట్‌ఫామ్‌లు కూడా అదే దారిలో ఉన్నాయి కాబట్టి ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట పనికొస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి రెండే మాటలు. పోర్ట్ నంబరు (సర్వర్‌లో మన యాప్‌కి చేరే తలుపు నంబరు) మనం పెట్టుకునేది కాదు, ప్లాట్‌ఫామ్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా (యాప్‌కి బయటినుంచి అందే విలువ) ఇస్తుంది, దాన్నే చదవాలి. సర్వర్ 0.0.0.0 మీద, అంటే బయటివాళ్లకీ అందేలా, వినాలి. 127.0.0.1 మీద, అంటే తనకు తాను మాత్రమే, వింటే కంటైనర్ (యాప్‌ను విడిగా నడిపే పెట్టె) లోపల అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది, బయటివాళ్లకి 502 ఎర్రర్ పేజీ వస్తుంది. లాగ్‌లో ఎర్రర్ ఉండదు కాబట్టి దీని దగ్గర గంటలు పోగొట్టుకునేవాళ్లు ఉన్నారు.

మార్చి మొదట్లో, గేటు దగ్గర

ఉచిత ప్లాన్ మీదే ముందు చూద్దామని కమిటీ అంది. సాయంత్రం ఏడు దాటాక ట్యాంకర్ వచ్చింది, నేను కిందే ఉన్నాను. ట్యాంకర్ లోపలికి తిరిగే మలుపు చిన్నది, అది ఆగితే రోడ్డు మూసుకుపోతుంది. వాచ్‌మన్ అన్న పేజీ నొక్కాడు. తెల్లగా ఉంది, చక్రం తిరుగుతోంది. వెనక కారు ఆగింది, దాని వెనక రెండు స్కూటీలు, డ్రైవర్ హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు.

"అక్కా, ఇది తిరుగుతనే ఉన్నది. పుస్తకంల రాసుకోనా?"

"ఒక్క నిమిషం ఆగన్నా, వస్తుంది."

"నిమిషం అంటే వాడు పైపు ఇడుస్తడక్కా. మూత తీసి చూడొద్దా?"

ఆయన చెప్పింది నిజం. పైపు వదలకముందే ట్యాంకర్ పైకెక్కి మూత తీసి, నీళ్లు అంచుదాకా ఉన్నాయో లేదో చూడాలి. పదివేల లీటర్లని చెప్పి తొమ్మిదివేలు తెస్తే పట్టుకోగలిగేది ఆ ఒక్క క్షణంలోనే. అలాంటి సమయంలో ఆయన్ని ఫోన్ ముందు నిలబెట్టే యాప్ ఎంత బాగా రాసినా ప్రయోజనం లేదు. ఆయన పుస్తకంలో రాసి, నిచ్చెన ఎక్కేశాడు. పేజీ తర్వాత వచ్చింది.

ఆ నిమిషంలో అవతల జరిగింది ఇది: కాసేపు ఎవరూ రాకపోతే ఉచిత ప్లాన్‌లోని యాప్‌ను నిద్రపుచ్చుతారు. కొన్నిచోట్ల ఆ కాసేపు 15 నిమిషాలు, పాత హెరోకులో 30. మళ్లీ ఎవరైనా తలుపు తడితే కంటైనర్ లేచి, పైథాన్ మొదలై, జాంగో తన మాడ్యూళ్లన్నీ లోడ్ చేసుకుని, డేటాబేస్‌కి కనెక్ట్ అయి, అప్పుడు జవాబు ఇస్తుంది. అది కూడా సీపీయూలో చిన్న వాటా మీద, అందుకే అంత ఆలస్యం. రోజంతా జనం వచ్చే సైటుకి ఈ సమస్య తెలియను కూడా తెలియదు. మాలాంటిది, రోజుకి ఏడెనిమిదిసార్లు, వేళాపాళా లేకుండా వాడేది, ప్రతిసారీ నిద్రలోనే దొరుకుతుంది.

దీనికి అందరూ చెప్పే చిట్కా పింగ్ చేస్తూ ఉండటం, అంటే బయటినుంచి పది నిమిషాలకోసారి ఏదో ఒకటి తడుతూ నిద్రపోనివ్వకపోవడం. కొన్ని ప్లాట్‌ఫామ్‌లు నెలకి 750 ఉచిత గంటలు ఇస్తాయి, 31 రోజుల నెలలో ఉండేవి 744, కాబట్టి ఒక్క సర్వీసైతే లెక్క సరిపోతుంది, రెండోది పెట్టిన రోజున నెల మధ్యలోనే రెండూ ఆగిపోతాయి. నాకు ఆ దారి నచ్చలేదు. ఉచితంగా ఇచ్చేవాళ్లు ఇంతవరకే అని గీత గీశారు, ఆ గీత మీద నడిచే పద్ధతితో 60 ఇళ్ల నీళ్ల లెక్క పెట్టకూడదు.

రెండు పనులు చేశాను. నిద్రపోని ప్లాన్లలో అన్నిటికంటే చిన్నదానికి కమిటీని ఒప్పించడం ఒకటి. దానికంటే ముఖ్యమైనది వాచ్‌మన్ పేజీని జాంగో నుంచి విడగొట్టడం. ఇప్పుడది స్టాటిక్ పేజీ (సర్వర్ ప్రతిసారీ తయారుచేయనక్కర్లేనిది), ఒకసారి తెరిస్తే సర్వీస్ వర్కర్ (బ్రౌజర్ వెనకాల నడిచే చిన్న స్క్రిప్ట్) దాన్ని ఫోన్‌లోనే దాచుకుంటుంది. నొక్కగానే తెరుచుకుంటుంది, నెట్ లేకపోయినా తెరుచుకుంటుంది. సేవ్ కొడితే ఎంట్రీ ముందు ఫోన్‌లోని ఇండెక్స్‌డ్‌డీబీలో (బ్రౌజర్‌లోనే ఉండే డేటాబేస్) పడుతుంది, సర్వర్‌కి వెనకాల వెళ్తుంది. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ సింక్ ఉంది కాబట్టి సిగ్నల్ వచ్చాక దానంతటదే పంపుతుంది (ఐఫోన్ సఫారీలో ఇది లేదు, మా గేటు దగ్గర ఉన్నది ఆండ్రాయిడే). ప్రతి ఎంట్రీకి ఫోన్‌లోనే ఒక యూయూఐడీ (ఇంకో ఎంట్రీకి రాని గుర్తింపు సంఖ్య) తయారవుతుంది, నెట్ తెగి మళ్లీ మళ్లీ పంపినా డేటాబేస్‌లో ఒక్క వరుసే ఉంటుంది. సమయం రెండు కాలమ్‌లలో పెట్టాను, ఫోన్‌లో నొక్కిన సమయం ఒకటి, సర్వర్‌కి చేరిన సమయం ఒకటి. వాట్సాప్ గ్రూపులో రేపు ఎవరైనా అడిగితే రెండూ చూపించవచ్చు.

ఇప్పుడు సర్వర్ ఐదు నిమిషాలు కిందపడినా గేటు దగ్గర ఎవరికీ తెలియదు. ఇక్కడివరకూ చేసినవాటిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఇదే.

మార్చి, రీజియన్ గొడవ

"మన డేటా ఏ ఊళ్లో ఉంటుందమ్మా?" అని సెక్రటరీ అంకుల్ అడిగారు. మంచి ప్రశ్న. అమెజాన్ తన క్లౌడ్‌కి భారతదేశంలో మొదటి రీజియన్ (డేటా సెంటర్లున్న ప్రాంతం) ముంబైలో 2016లో తెరిచింది, రెండోది 2022 నవంబర్‌లో మన హైదరాబాద్‌లోనే. అంకుల్ అది వినగానే "అయితే మన పక్కనే పెట్టేయ్" అన్నారు. కానీ పెద్ద క్లౌడ్ మీద కూర్చుని నడిచే చిన్న ప్లాట్‌ఫామ్‌లు అన్ని రీజియన్లూ ఇవ్వవు. నేను ఎంచుకున్నదాంట్లో మనకి దగ్గరలో ఉన్నది సింగపూరే.

అసలు చూడాల్సింది యాప్ మనకి ఎంత దగ్గరన్నది కాదు, డేటాబేస్ యాప్‌కి ఎంత దగ్గరన్నది. దీన్ని రెండు రకాలుగా పెట్టి కొలిచాను. యాప్ సింగపూర్‌లో, డేటాబేస్‌ను డ్యాష్‌బోర్డ్ తనంతట తాను చూపించే అమెరికా రీజియన్‌లో పెడితే ఒక్కో క్వెరీ (డేటాబేస్‌ను యాప్ అడిగే ప్రశ్న) వెళ్లి రావడానికి రెండు వందల మిల్లీసెకన్లు దాటింది, కమిటీ పేజీలో డజను క్వెరీలున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి, అంటే పేజీ తెరుచుకోవడానికి మూడు సెకన్లు దాకా. రెండూ సింగపూర్‌లోనే పెడితే అదే పేజీ కళ్లు ఆర్పేలోపు వచ్చింది. ఫోన్ నుంచి సింగపూర్‌కి ప్రయాణం ఒక్కసారే, యాప్ నుంచి డేటాబేస్‌కి డజనుసార్లు. ఉచిత డేటాబేస్ ఒకచోట, ఉచిత యాప్ ఇంకోచోట అని ఏరుకునేవాళ్లు ముందు ఇది చూసుకోవాలి.

చట్టం సంగతి కూడా అంకుల్‌కి చెప్పాను: 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, ప్రభుత్వం వద్దని నోటిఫై చేసిన దేశాలకి తప్ప మిగతా దేశాలకి డేటా పంపడాన్ని ఆపదు. అయినా మేం ఫ్లాట్ నంబరు, ఒక ఫోన్ నంబరు తప్ప ఏమీ దాచడం లేదు. ఆధార్ కూడా తీసుకుందామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. నీళ్ల లెక్కకి ఆధార్ దేనికి?

ఉగాది ముందు, రసీదులు

కంటైనర్‌లో తెలుగు ఫాంట్ ఉండదు. ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా వచ్చిన రసీదు సర్వర్ మీద అన్నీ డబ్బాలే. ఇది సగం సమస్య, ఫాంట్ పెడితే పోతుంది. మిగతా సగం ఫాంట్ పెట్టాక మొదలవుతుంది.

చాలా పీడీఎఫ్ లైబ్రరీలు అక్షరాన్ని అక్షరంగా ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోతాయి. ఇంగ్లీషుకి అది చాలు. తెలుగులో 'చెల్లించిన' అంటే లకి కింద ఒత్తు రావాలి, 'నిర్వహణ' అంటే రకి వ ఒత్తు తగలాలి. ఫాంట్‌లో ఆ ఒత్తులన్నీ ఉన్నాయి, కానీ ఏది ఎప్పుడు ఎక్కడ కూర్చోవాలో లెక్కగట్టే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది, హార్ఫ్‌బజ్ అనేది. అది మధ్యలో లేకపోతే 'చెల్‌లించిన', 'నిర్‌వహణ' అని పొల్లులు విడిపోయి వస్తాయి. అర్థమైపోతుందిగా ఫర్వాలేదన్నారు కమిటీలో ఒకరు. నాకు ఫర్వాలేదనిపించలేదు. మూడో అంతస్తు పెద్దమ్మ కళ్లద్దాలు పెట్టుకుని ప్రతి రసీదూ అక్షరం అక్షరం చదివి ఫైలులో పెట్టుకుంటారు. ఆమె చేతికి విరిగిన అక్షరాలతో కాగితం ఇవ్వడం నాకు ఇష్టం లేదు.

బ్రౌజర్‌తో చేయిస్తే ఒత్తులు సరిగ్గా వస్తాయని సర్వర్ మీద క్రోమియం (క్రోమ్‌కి మూలమైన బ్రౌజర్) నడిపి చూశాను. వచ్చాయి, కానీ మా ప్లాన్‌లో మెమరీ 512 ఎంబీ. నాలుగైదు రసీదులు అయ్యేసరికి ప్లాట్‌ఫామ్ ఆ ప్రాసెస్‌ను చంపేసింది, లాగ్‌లో 137 అని కనబడితే అర్థం అదే, మెమరీ మించితే బయటినుంచి ఆపేయడం. దానికోసం పెద్ద ప్లాన్ కొనడం దండగ. చివరికి వీజీప్రింట్ (వెబ్ పేజీని పీడీఎఫ్ చేసే పైథాన్ లైబ్రరీ) దగ్గర ఆగాను. అది లోపల పాంగో (అక్షరాలను పేజీలో అమర్చే లైబ్రరీ) వాడుతుంది, పాంగో హార్ఫ్‌బజ్‌ను వాడుతుంది, ఒత్తులన్నీ చోట్లో కూర్చున్నాయి, మెమరీ కూడా సరిపోయింది.

కాకపోతే పాంగో అన్నది పైథాన్ ప్యాకేజీ కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఉండాల్సింది. ప్లాట్‌ఫామ్ దానంతటదే చేసే బిల్డ్‌లో అలాంటివి చేర్చుకునే వీలు లేదు. అందుకే డాకర్ ఫైల్‌కి (కంటైనర్‌లో ఏమేం ఉండాలో మనమే రాసుకునే ఫైల్) మారాను: డెబియన్ లినక్స్ ఇమేజ్, పాంగో, నోటో ఫాంట్లు. డెబియన్‌లో పోతన, వేమన ఫాంట్లు కూడా ప్యాకేజీగా దొరుకుతాయి, చూడ్డానికి పోతన ముద్దుగా ఉంటుంది, కానీ రూపాయి గుర్తు 2010లో వచ్చింది, పాత ఫాంట్లు వాడేముందు అందులో ఆ గుర్తు ఉందో లేదో చూసుకోవాలి. రసీదులో గుర్తు ఒక ఫాంటు, అంకెలు ఇంకో ఫాంటు అయితే బాగుండదు. నోటోతోనే ఉన్నాను.

డాకర్‌కి మారడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, ఈ ప్లాట్‌ఫామ్ నచ్చకపోతే అదే ఇమేజ్ పట్టుకుని ఇంకోచోటికి వెళ్లిపోవచ్చు.

చీటీ ఫొటోలు

క్లుప్తంగా. ఈ ప్లాట్‌ఫామ్‌లలో మనం రాసిన ఫైళ్లు కొత్త డిప్లాయ్‌తో పోతాయి, కొన్నిచోట్ల రోజుకోసారి జరిగే రీస్టార్ట్‌తో కూడా. మొదటి రోజే ఒక ఫొటో పెట్టి, రీడిప్లాయ్ చేసి చూశాను, ఫొటో లేదు. కాబట్టి ఫొటోలు ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కి (ఫైళ్లు దాచే వేరే క్లౌడ్ సేవ), అది కూడా జాంగో మీదుగా కాకుండా సంతకం చేసిన లింకుతో (సర్వర్ తాత్కాలికంగా అనుమతి ఇచ్చేది) ఫోన్ నుంచి నేరుగా. పంపేముందు ఫోన్‌లోనే సైజు తగ్గిస్తున్నాను, చీటీ మీద నంబరు చదవగలిగితే చాలు.

కార్డు తంటా

టెక్నాలజీ కంటే ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇది. నెలకి ఒక బిర్యానీ ఖర్చంత ప్లాన్, అసోసియేషన్ డెబిట్ కార్డుతో కట్టబోతే డిక్లైన్డ్. 2020 మార్చి నుంచి కొత్తగా ఇచ్చే కార్డులు దేశం లోపల ఏటీఎం, స్వైప్ వాడకానికే తెరిచి ఇస్తారు, ఆన్‌లైన్, అంతర్జాతీయ వాడకం మనం ప్రత్యేకంగా ఆన్ చేసుకోవాలి. అది చేయించాక మొదటి నెల చెల్లింపు వెళ్లింది, రెండో నెల ఆటోమేటిక్‌గా కట్ అవ్వాల్సింది అవ్వలేదు. 2021 అక్టోబర్ 1 నుంచి ఆర్‌బీఐ నియమాల ప్రకారం నెలనెలా కట్ అయ్యే చెల్లింపులకి ఈ-మ్యాండేట్ (ఖాతాదారు ముందే ఇచ్చే అనుమతి) ఉండాలి, కంపెనీ, బ్యాంకు రెండూ దానికి సిద్ధంగా ఉంటేనే పని అవుతుంది. మా బ్యాంకు మేనేజర్ "కస్టమర్ కేర్‌కి కాల్ చేయండి మేడమ్" అన్నారు, కస్టమర్ కేర్ వాళ్లు బ్రాంచికి వెళ్లమన్నారు. ఆఖరికి ముందుగానే క్రెడిట్ వేసుకుని వాడుకునే పద్ధతి ప్లాట్‌ఫామ్‌లో ఉందని చూసి, అంకుల్ చేత కొన్ని నెలలకి సరిపడా ఒకేసారి వేయించాను. జీఎస్టీ నంబరు లేదు కాబట్టి 18 శాతం అదనం, అది బడ్జెట్‌లో ముందే రాయించాను.

వాడినంతకే బిల్లు అన్న పద్ధతి మాలాంటివాళ్లకి వద్దు. జనరల్ బాడీలో అంకుల్ లేచి నిలబడి ఏడాదికి ఇంత అని ఒక అంకె చెప్పాలి. బిల్లు అలర్ట్ పెట్టుకోవచ్చు కదా అంటారు, అలర్ట్ అంటే ఈమెయిల్ వస్తుంది అంతే, ఖర్చు ఆగదు. ప్లాన్ ఎంచుకునేటప్పుడు పరిమితి దాటితే సర్వీసు ఆగుతుందా, బిల్లు పెరుగుతుందా అన్నది తప్పనిసరిగా చదవండి. మాకు ఆగినా ఫర్వాలేదు, ఫోన్‌లో ఎంట్రీలు భద్రంగా ఉంటాయి.

ఏప్రిల్, అర్ధరాత్రి లెక్క

నెల మారగానే, ఒకటో తారీఖు అర్ధరాత్రి దాటాక 12:05కి రసీదులు తయారవ్వాలి. ప్లాట్‌ఫామ్‌లోని క్రాన్ (చెప్పిన వేళకి పనులు నడిపేది) యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తుంది, మనం అయిదున్నర గంటలు ముందున్నాం. అంటే మన ఒకటో తారీఖు 12:05 వాళ్లకి ముందు నెల ఆఖరి రోజు 18:35. ఆఖరి రోజు 28 కావచ్చు, 29, 30, 31 కావచ్చు, మామూలు క్రాన్‌లో ఆఖరి రోజు అని రాయడానికి వీల్లేదు. అందుకని జాబ్ రోజూ 18:35కి లేస్తుంది, కోడ్ ఆసియా/కోల్‌కతా టైమ్‌జోన్‌లో తేదీ చూస్తుంది, ఒకటి అయితే పని చేస్తుంది, కాకపోతే పడుకుంటుంది. డేటాబేస్‌లో అంతా యూటీసీలోనే ఉంచి, చూపించేటప్పుడు మాత్రం మన సమయానికి మారుస్తున్నాను.

బ్యాకప్. ఉచిత డేటాబేస్‌లకి కొన్నిచోట్ల గడువుంటుంది, గడువు దాటితే తుడిచేస్తారు, కాబట్టి అది మొదట్నుంచీ డబ్బు కట్టేదే తీసుకున్నాం. ప్లాట్‌ఫామ్ కూడా బ్యాకప్ తీస్తుంది, కానీ అకౌంటే మూతపడితే ఆ బ్యాకప్ కూడా దాంతోపాటే పోతుంది. అందుకే రాత్రిపూట పీజీ డంప్ (పోస్ట్‌గ్రెస్ డేటాకి కాపీ తీసే టూల్) తీసి ఇంకో కంపెనీ స్టోరేజ్‌లో పెడుతున్నాను. పీజీ డంప్ వెర్షన్ సర్వర్ వెర్షన్‌కి సమానంగా గానీ కొత్తదిగా గానీ ఉండాలి, పాతదైతే పని చేయనంటుంది, డాకర్ ఇమేజ్‌లో దాన్ని సరిచూసుకోవాలి. ఆదివారాల్లో ఆ డంప్‌ను ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఆ వారం లీటర్ల మొత్తం అసలుదాంతో కలుస్తుందో లేదో చూస్తున్నాను. తిరిగి ఎక్కించి చూడని బ్యాకప్‌ను నేను నమ్మను.

మే

ఎండలు ముదిరాయి, ట్యాంకర్లు పెరిగాయి. ఏప్రిల్ రసీదులు వెళ్లాక గ్రూపులో ఒకరే ప్రశ్న వేశారు, ఫలానా రోజు మధ్యాహ్నం వచ్చిన ట్యాంకర్ గురించి. అంకుల్ చీటీ ఫొటో పెట్టారు, అక్కడితో అయిపోయింది. వాచ్‌మన్ అన్న ఇంకో బటన్ అడిగాడు: నీళ్లు తక్కువున్నాయని వెనక్కి పంపిన ట్యాంకర్ కూడా నమోదవ్వాలట. ఆయన అడిగింది సబబే, లెక్కలో రాకపోయినా ఏ సప్లయర్ ఎన్నిసార్లు తక్కువ తెస్తున్నాడో తెలుస్తుంది. చిన్న మార్పే, టెస్ట్ రాసి పెట్టేశాను.

ఎస్ఎంఎస్ కావాలని కొందరు అంటున్నారు. తెలుగులో అయితే ఒక మెసేజ్‌కి 70 అక్షరాలే, ఇంగ్లీషుకి 160. పైగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాల ప్రకారం డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ పోర్టల్) అసోసియేషన్ పేరు, టెంప్లేట్ రిజిస్టర్ చేయాలి. దానికి కాగితాలు అంకుల్ చూస్తానన్నారు, ఈలోగా వాట్సాప్ గ్రూపు చాలు.

మిగిలిన పెద్ద పని అప్పగింత. ప్లాట్‌ఫామ్, స్టోరేజ్, డొమైన్, మూడు అకౌంట్లూ నా ఈమెయిల్ నుంచి అసోసియేషన్ ఈమెయిల్‌కి మార్చాలి, రెండో అడ్మిన్‌గా ట్రెజరర్ గారిని చేర్చాలి. టూ ఫ్యాక్టర్ రికవరీ కోడ్లు ప్రింట్ తీసి సీల్డ్ కవర్లో కమిటీ బీరువాలో పెట్టాలి. కొత్త కమిటీ ఎన్నిక జూలైలో, అంతకుముందే అవ్వాలి. డిప్లాయ్ ఎలా చేయాలో, బ్యాకప్ ఎలా ఎక్కించాలో నాలుగు పేజీలు తెలుగులో రాస్తున్నాను. నాలుగో అంతస్తులో బీటెక్ చదివే అబ్బాయికి ఇచ్చి, నన్ను అడక్కుండా దాన్ని చూసి ల్యాప్‌టాప్‌లో మొత్తం లేపగలడేమో చూడమన్నాను. డాకర్ దాకా వచ్చాడు, పీజీ డంప్ వెర్షన్ దగ్గర ఆగాడు. ఆ పేరా మళ్లీ రాస్తున్నాను.